మార్షల్‌కు ఒక మెట్టు కింద

లెఫ్టినెంట్ కంటే మేజర్ పెద్ద. మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్దవాడయ్యాడు? పిల్లలు ఈ ప్రశ్న వేస్తే చాలా ఇళ్లలో నాన్నలు చటుక్కున పేపర్లో తల దూర్చేస్తారు. నిజానికి జవాబు తేలికే. ఒకప్పుడు ఇంగ్లండులో మేజర్ జనరల్‌ని 'సార్జెంట్ మేజర్ జనరల్' అనేవారు. పోనుపోను ముందున్న సార్జెంట్ రాలిపోయి, మేజర్ జనరల్ మిగిలాడు. ఆ మేజర్ వేరు, ఈ మేజర్ వేరు.

సైనిక హోదాల పేర్లలో ఇలాంటి తిరకాసులు బోలెడు. వాటిలో ఒకటి మాత్రం పేరుతోపాటు పెద్ద కథనే మోసుకొచ్చింది. అది జర్మన్ల 'గెనెరాల్ ఓబెర్స్ట్'. ఇంగ్లిషువాళ్లు దాన్ని 'కల్నల్ జనరల్' అన్నారు. వినగానే కల్నల్‌కీ జనరల్‌కీ మధ్య ఎక్కడో ఉండే పదవి అనిపిస్తుంది. కానే కాదు. జనరల్‌కి పైన, ఫీల్డ్ మార్షల్‌కి ఒక్క మెట్టు కింద. జర్మన్ భాషలో ఓబెర్స్ట్ అంటే కల్నలే. కానీ ఆ మాటకి అసలు అర్థం 'అందరికన్నా పైనున్నవాడు' అని. జనరళ్లలోకెల్లా పైవాడన్నమాట.

మన సైన్యంలో ఈ మెట్టు లేదు. జనరల్ దాటితే నేరుగా ఫీల్డ్ మార్షలే. ఆ గౌరవం దక్కినవాళ్లూ ఇద్దరే... 1973లో మానెక్‌షా, 1986లో కరియప్ప. జర్మన్లు మాత్రం ఆ రెంటి మధ్యా ఇంకో మెట్టు కట్టుకున్నారు. 1854లో మొదలై, రెండో ప్రపంచయుద్ధం తర్వాత పదేళ్లు తప్పించి, 1990 దాకా అది ఉంది. ఆ మెట్టుమీద నిలబడినవాళ్లలో చక్రవర్తి అయినవాడున్నాడు. నియంతను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్నవాడున్నాడు. ఉరికంబం ఎక్కినవాడున్నాడు. గూఢచారులను ఆడించినవాడూ ఉన్నాడు. 'పైవాడు చెప్పాడు, నేను చేశాను' అనే మాట మనిషిని ఎంతదూరం తీసుకెళుతుందో తెలుసుకోవాలంటే వాళ్ల కథలు చదివితే చాలు.

తమ్ముడి కోసం పుట్టిన పదవి

1854 నాటికి జర్మనీ ఒకే దేశం కాదు. చిన్నాపెద్దా రాజ్యాలుండేవి. వాటిలో బలమైంది ప్రష్యా. దాని రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం. ఆయనకి పిల్లల్లేరు. కాబట్టి తర్వాత సింహాసనం తమ్ముడు విల్‌హెల్మ్‌దే. విల్‌హెల్మ్ చిన్ననాటినుంచీ సైన్యంలో పెరిగినవాడు. 57వ పుట్టినరోజు దగ్గరపడుతోంది. జనరల్ హోదా ఎప్పుడో వచ్చేసింది. ఇక పైకి పంపాలంటే ఫీల్డ్ మార్షల్ చెయ్యాలి. అక్కడే చిక్కొచ్చిపడింది. రాజకుటుంబీకుల్ని ఫీల్డ్ మార్షల్ చేసే ఆనవాయితీ ప్రష్యాలో లేదు.

ఆనవాయితీ తప్పకూడదు, తమ్ముడి మనసు కష్టపెట్టకూడదు. అందుకని 'గెనెరాల్ ఓబెర్స్ట్' అనే కొత్త పదవి పుట్టించారు. దానికి 'ఫీల్డ్ మార్షల్ స్థాయితో' అని ఒక తోక కూడా తగిలించారు. పేరు వేరు, మర్యాద మాత్రం మార్షల్‌దే. ఆ తమ్ముడు 1861లో ప్రష్యాకి రాజయ్యాడు. 1871 జనవరి 18న వెర్సాయ్ రాజప్రాసాదంలో జర్మనీ చక్రవర్తిగా ప్రకటించింది ఆయన్నే.

విచిత్రం ఏమిటంటే, ఆ ఆనవాయితీని పక్కనపెట్టిందీ విల్‌హెల్మే. 1870 అక్టోబరులో ఫ్రెంచివాళ్ల మెట్జ్ కోట లొంగిపోగానే ఆ సంతోషంలో తన కొడుకునీ, తమ్ముడి కొడుకునీ ఫీల్డ్ మార్షల్స్‌ని చేసేశాడు. దాంతో కొత్త పదవి పుట్టడానికి కారణమే లేకుండా పోయింది. పదవి మాత్రం పోలేదు. పని అయిపోయినా పోస్టు మిగిలిపోవడం మన ఆఫీసుల్లోనూ చూస్తున్నదేగా!

తర్వాత్తర్వాత దానికంటూ ఒక రూపం వచ్చింది. జర్మన్ సైన్యంలో మేజర్ జనరల్ భుజంమీద బంగారు జడల అల్లిక మాత్రమే ఉండేది, నక్షత్రం ఉండదు. లెఫ్టినెంట్ జనరల్‌కి ఒకటి. పదాతిదళమో అశ్వికదళమో ఫిరంగిదళమో చూసే జనరల్‌కి రెండు. గెనెరాల్ ఓబెర్స్ట్‌కి మూడు. ఆపైన నక్షత్రాలు పోయి, అడ్డంగా పెట్టిన రెండు దండాల గుర్తు వస్తుంది. అది ఫీల్డ్ మార్షల్‌ది. ఆ మూడో నక్షత్రానికీ దండాలకీ మధ్య దూరం బెత్తెడే. కానీ ఆ బెత్తెడు దాటాలన్న ఆశ ఎన్ని పనులు చేయించిందో!

హానోవర్ ఇంటినుంచి పిలుపు

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి పెద్ద సైన్యాలన్నీ దాదాపు ఈ హోదావాళ్ల చేతిలోనే ఉన్నాయి. 1914 ఆగస్టులో బెల్జియం మీదుగా ఫ్రాన్సులోకి దూసుకుపోయిన క్లుక్, బ్యూలో, హౌసెన్ ముగ్గురూ గెనెరాల్ ఓబెర్స్ట్‌లే. బెర్లిన్‌నుంచి మొత్తం యుద్ధాన్ని నడపడానికి బయల్దేరిన సైనిక ప్రధానాధికారి మోల్ట్‌కేదీ అదే హోదా. తూర్పున రష్యాని కాచుకోవాల్సిన ప్రిట్విట్జ్‌దీ అదే.

ఈ ప్రిట్విట్జ్ రష్యన్ల తాకిడికి బెదిరి, విస్తులా నది వెనక్కి పోదామన్నాడు. వెంటనే ఆయన్ని తప్పించారు. ఆ స్థానంలోకి ఎవరు? మూడేళ్ల కిందట రిటైరై హానోవర్‌లో ఉంటున్న 66 ఏళ్ల పెద్దాయనకి కబురెళ్లింది. ఆయనే పాల్ ఫాన్ హిండెన్‌బర్గ్. ఆగస్టు నెలాఖరుకల్లా టానెన్‌బర్గ్ దగ్గర ఒక రష్యన్ సైన్యం మొత్తం వలలో పడింది. దాదాపు 92,000 మంది బందీలయ్యారు. ఆ రోజుల్లోనే హిండెన్‌బర్గ్ గెనెరాల్ ఓబెర్స్ట్ అయ్యాడు. నవంబరుకల్లా ఫీల్డ్ మార్షల్. ఆ మెట్టుమీద ఆయన నిలబడింది మూడు నెలలే.

ఆ గెలుపు తెచ్చిన పేరుతోనే 1925లో దేశాధ్యక్షుడయ్యాడు. 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌గా నియమించిన చెయ్యి ఆయనదే. 1934 ఆగస్టు 2న ఆయన కన్నుమూశాడు. అదే రోజు హిట్లర్ అధ్యక్ష పదవిని కూడా తనలో కలిపేసుకున్నాడు. అదే రోజు సైనికులందరితో కొత్త ప్రమాణం చేయించారు. అంతకుముందు సైనికుడు ప్రజలకీ మాతృదేశానికీ విధేయుడినని ప్రమాణం చేసేవాడు. ఇప్పుడు విధేయత ప్రజలకీ కాదు, మాతృదేశానికీ కాదు. అడాల్ఫ్ హిట్లర్ అనే మనిషికి, పేరు పెట్టి మరీ, ఏ షరతూ లేని విధేయత.

ఆనాడు చెయ్యెత్తి ఆ ప్రమాణం చేసినవాళ్లలో లుడ్విగ్ బెక్ ఉన్నాడు. ఈ కథలో అసలు మనిషి ఆయనే.

రాజీనామా చేసిన ఒక్కడు

బెక్ మొదట్లో హిట్లర్‌కి వ్యతిరేకి కాదు. 1933లో ఆ మార్పుని స్వాగతించినవాడే. సైనిక ప్రధానాధికారిగా జర్మన్ సైన్యాన్ని తిరిగి నిలబెట్టడంలో ఆయనది పెద్ద చెయ్యి. కానీ 1938లో చెకొస్లొవేకియా మీదికి వెళ్లాలని హిట్లర్ పట్టుబట్టేసరికి ఆయనకి భయం పట్టుకుంది. ఇది యూరప్ మొత్తాన్ని అంటించే నిప్పు, చివరికి జర్మనీయే కాలిపోతుంది అనుకున్నాడు. వరసగా నివేదికలు రాశాడు. ఒకదాన్లో ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: తమ తెలివి, మనస్సాక్షి, బాధ్యత వద్దంటున్నచోట సైనికుడి విధేయతకి హద్దు ఉంటుంది.

ఒక జర్మన్ సైన్యాధికారి, అదీ అంత పెద్ద స్థాయివాడు, ఈ మాట రాయడం సామాన్యమైన విషయం కాదు. జనరళ్లందరం కలిసి ఒకేసారి రాజీనామా చేద్దాం, అప్పుడు యుద్ధం ఆగుతుంది అన్నాడు. అందరూ విన్నారు. చాలామంది తలూపారు. రాజీనామా మాత్రం ఒక్కడే చేశాడు, బెక్. ఆగస్టులో పదవి వదులుకున్నాడు. సాగనంపుతూ ఆయనకి గెనెరాల్ ఓబెర్స్ట్ హోదా ఇచ్చారు. మాట విననివాడిని మర్యాదగా ఇంటికి పంపడానికి కూడా ఆ మూడో నక్షత్రం పనికొచ్చింది.

మాట వినేవాళ్లకి వేరే కానుకలు దక్కాయి. ఫ్రాన్స్ ఓడిపోయాక 1940 జులై 19న హిట్లర్ ఒక్కరోజులో 12 మందిని ఫీల్డ్ మార్షల్స్ చేశాడు. గెనెరాల్ ఓబెర్స్ట్‌లయితే ఇంకా ఎక్కువమంది. ట్యాంకు యుద్ధానికి పేరుబడ్డ గుడేరియన్, బెక్ కుర్చీలో కూర్చున్న హాల్డర్, ఎరిక్ హోప్నర్, ఫ్రీడ్రిక్ ఫ్రోమ్... అందరూ ఆ రోజు మెట్టెక్కినవాళ్లే. హోదాతోపాటు జీతం మీద రహస్యంగా నెలనెలా డబ్బు అందేది. ఫీల్డ్ మార్షల్‌కి 4,000 రైష్‌మార్కులు, వాళ్ల కిందివాళ్లకి 2,000. దానిమీద పన్ను లేదు. హిట్లర్‌కి కోపం వస్తే ఆగిపోతుంది. గుడేరియన్‌కి ఆక్రమించిన పోలండు నేలమీద పెద్ద ఎస్టేటే రాసిచ్చారు. ఇలాంటి ఉప్పు తిన్నాక నోరు పెగలడం కష్టమే.

హోదాని ఉరితాడుగా కూడా వాడొచ్చని స్టాలిన్‌గ్రాడ్‌లో తేలింది. అక్కడ చిక్కుపడిన సైన్యానికి అధిపతి పౌలస్. 1942 నవంబరు ఆఖర్లో ఆయన్ని గెనెరాల్ ఓబెర్స్ట్ చేశారు. రెండు నెలలు తిరక్కుండా, 1943 జనవరి 30న, ఫీల్డ్ మార్షల్ చేశారు. అది బహుమతి కాదు. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవరూ అంతవరకు శత్రువుకి ప్రాణాలతో చిక్కలేదు కాబట్టి నువ్వూ చిక్కకు అని చెప్పడం. పౌలస్ మర్నాడే లొంగిపోయాడు. ఆయనతో బందీలైన సుమారు 91,000 మందిలో ఇళ్లకి తిరిగొచ్చినవాళ్లు 6,000కి మించరు.

ఒకే భవనం, ముగ్గురు

ఇక 1944 జులై 20. బెర్లిన్‌లో బెండ్లర్ వీధి. సైన్యం ప్రధాన కార్యాలయాలున్న భవనం. ఆ మధ్యాహ్నం తూర్పు ప్రష్యాలోని హిట్లర్ స్థావరంలో బాంబు పెట్టి, పేలడం చూసి విమానమెక్కిన కల్నల్ స్టాఫెన్‌బర్గ్ సాయంత్రానికి ఇక్కడికే వచ్చాడు. హిట్లర్ చచ్చిపోయాడనే ఆయన నమ్మకం. ఆ రాత్రి ఈ భవనంలో ముగ్గురు గెనెరాల్ ఓబెర్స్ట్‌లు ఎదురుబొదురయ్యారు. హోదా ఒకటే. భుజంమీద నక్షత్రాలు అవే. దారులు మాత్రం మూడు.

మొదటివాడు బెక్. ఆరేళ్లుగా ఇంటిపట్టునే ఉంటూ, తెగించిన అధికారుల్ని కూడగడుతూ వచ్చాడు. తిరుగుబాటు గెలిస్తే దేశాధినేత ఆయనే. ఆ రోజు యూనిఫాం వేసుకోలేదు, మామూలు కోటుతో వచ్చాడు.

రెండోవాడు హోప్నర్. 1942 జనవరిలో మాస్కో దగ్గర మంచులో చచ్చిపోతున్న తన మనుషుల్ని అనుమతి లేకుండా వెనక్కి పిలిచాడని హిట్లర్ ఆయన్ని సైన్యంనుంచి గెంటేశాడు. యూనిఫాం వేసుకునే హక్కు కూడా తీసేశాడు. అందుకే ఆ రోజు దాన్ని సూట్‌కేసులో పెట్టుకొచ్చి, ఆ భవనంలోనే మార్చుకున్నాడు. అలాగని ఈయన్ని మచ్చలేనివాడిగా చూపించలేం. 1941లో రష్యా మీదికి పోయేముందు తన దళాలకి ఇచ్చిన ఆదేశంలో దయాదాక్షిణ్యాలు లేని వినాశన యుద్ధం గురించి రాసినవాడీయన. యుద్ధం తర్వాత బెర్లిన్‌లో ఒక బడికి ఆయన పేరు పెట్టారు. ఈ సంగతులు చర్చకొచ్చాక ఆ పేరు తీసేశారు.

మూడోవాడు ఫ్రోమ్. దేశంలోపలి సైన్యమంతా ఈయన చేతిలోనే ఉంది. స్టాఫెన్‌బర్గ్ ఈయన దగ్గరే పనిచేసేవాడు. ఏదో జరగబోతోందని ఫ్రోమ్‌కి తెలుసు. అయినా అవుననలేదు, కాదనలేదు, పైకి చెప్పలేదు. గోడమీద పిల్లి. ఆ సాయంత్రం హిట్లర్ స్థావరానికి ఫోన్ చేశాడు. హిట్లర్ బతికే ఉన్నాడని అవతలినుంచి జవాబొచ్చింది. అంతే, పిల్లి ఒకవైపు దూకింది. నాకేం సంబంధం లేదన్నాడు. తిరుగుబాటుదారులు ఆయన్ని ఓ గదిలో కూర్చోబెట్టి కాపలా పెట్టారు.

రాత్రయ్యేసరికి హిట్లర్ బతికున్నాడన్న వార్త రేడియోలో వచ్చేసింది. తిరుగుబాటు కుప్పకూలింది. బయటికొచ్చిన ఫ్రోమ్ హడావిడిగా సైనిక విచారణ అనిపించి, స్టాఫెన్‌బర్గ్‌కీ మరో ముగ్గురికీ మరణశిక్ష వేశాడు. అర్ధరాత్రి దాటాక భవనం ముంగిట్లో, వాహనాల దీపాల వెలుగులో నలుగుర్నీ కాల్చేశారు. బతికుంటే తన పేరు చెబుతారన్న భయం ఫ్రోమ్‌ది. బెక్ తన ప్రాణం తానే తీసుకుంటానన్నాడు. పిస్తోలు ఆయన దగ్గరే ఉంచారు. రెండుసార్లు కాల్చుకున్నా ప్రాణం పోలేదు. చివరికి ఓ సార్జెంటు ఆ పని పూర్తిచేశాడు. హోప్నర్‌కీ అదే అవకాశమిస్తే వద్దన్నాడు. ఆగస్టు 8న ఉరి తీశారు.

మరి ఫ్రోమ్? అంత చేసినా ఆయన్ని హిట్లర్ నమ్మలేదు. మర్నాడే అరెస్టయ్యాడు. పిరికితనం చూపాడన్న నేరం మీద 1945 మార్చి 12న కాల్చి చంపారు. ఎదిరించినవాడూ పోయాడు, గోడమీద కూర్చున్నవాడూ పోయాడు. కానీ ఈరోజు ఆ వీధికి ఉన్న పేరు స్టాఫెన్‌బర్గ్‌ది. ఫ్రోమ్ పేరు మనలాంటివాళ్లం ఇలాంటి కథల్లోనే వింటాం.

సంతకాలు ఎవరివి?

హిట్లర్ తన ప్రాణం తీసుకుని తప్పించుకున్నాడు. ఓటమికి సంతకం పెట్టే పని మాత్రం ఈ మెట్టువాళ్లకే మిగిలింది. 1945 మే 7న ఫ్రాన్సులోని రైమ్స్‌లో లొంగుబాటు పత్రంమీద సంతకం చేసింది గెనెరాల్ ఓబెర్స్ట్ యోడ్ల్. మర్నాడు రాత్రి బెర్లిన్‌లో రెండో పత్రంమీద ఫీల్డ్ మార్షల్ కైటెల్‌తోపాటు వాయుసేన తరఫున సంతకం పెట్టింది గెనెరాల్ ఓబెర్స్ట్ స్టుంప్ఫ్.

నూరెంబర్గ్ న్యాయస్థానంలో యోడ్ల్ వాదన ఒకటే. నేను సైనికుణ్ని, ఆజ్ఞ పాటించాను. న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. 1946 అక్టోబరు 16న ఆయన్ని ఉరి తీశారు. మనస్సాక్షి వద్దన్నచోట విధేయతకి హద్దుంటుందని బెక్ రాసి అప్పటికి ఎనిమిదేళ్లు. ఇద్దరిదీ ఒకే హోదా, ఇద్దరూ చదివింది ఒకే సైనిక పాఠం. ఒకరు అందులో హద్దు చూశారు, ఇంకొకరు చూడలేదు.

తూర్పున మళ్లీ లేచింది

యుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది. 1956లో తూర్పు జర్మనీ సొంత సైన్యం పెట్టుకున్నప్పుడు ఈ హోదాకి మళ్లీ ప్రాణమొచ్చింది. కాకపోతే ఈసారి సోవియట్ పద్ధతిలో. పైన ఫీల్డ్ మార్షల్ బదులు ఆర్మీ జనరల్ వచ్చాడు.

అలా అయినవాళ్లలో పేరుమోసినవాడు మార్కుస్ వోల్ఫ్. ఆయన యుద్ధభూమిలో సైన్యం నడిపినవాడు కాదు. 1952 నుంచి 1986 దాకా తూర్పు జర్మనీ విదేశీ గూఢచర్యాన్ని నడిపినవాడు. ఏళ్ల తరబడి ఆయన ముఖం ఎలా ఉంటుందో పశ్చిమ దేశాలకి తెలియదు. 1978లో స్టాక్‌హోమ్‌లో తీసిన ఫొటోతోనే గుర్తుపట్టగలిగారు. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ ఆఫీసులోనే ఆయన మనిషి గియోమ్ కూర్చుని పనిచేశాడు. అది బయటపడి 1974లో బ్రాంట్ రాజీనామా చేయాల్సొచ్చింది.

ఇంకొకరు ఫ్రిట్జ్ స్ట్రెలెట్జ్, తూర్పు జర్మనీ సైన్యాధికారుల్లో పెద్ద తలకాయ. బెర్లిన్ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది గోడ దాటబోయి బలైనవాళ్లే. రెండు జర్మనీలు కలిసిపోయాక 1993లో ఆయనకి ఐదున్నరేళ్లు, రక్షణమంత్రిగా చేసిన కెస్లర్‌కి ఏడున్నరేళ్లు జైలుశిక్ష పడింది. మా దేశపు చట్టం ప్రకారమే చేశామని వాళ్లు ఐరోపా మానవ హక్కుల కోర్టుదాకా వెళ్లారు. 2001 మార్చిలో ఆ కోర్టు ఆ వాదనని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. యూనిఫాం మారింది, జెండా మారింది. పాత జవాబు మాత్రం మళ్లీ వినిపించింది, మళ్లీ చెల్లలేదు.

మెట్టు పోయింది, పాఠం మిగిలింది

పశ్చిమ జర్మనీ 1955 నవంబరు 12న 101 మంది స్వచ్ఛంద సైనికులతో కొత్త సైన్యం మొదలుపెట్టింది. ఇప్పుడున్నది అదే. దాన్లో ఫీల్డ్ మార్షల్ లేడు, గెనెరాల్ ఓబెర్స్ట్ లేడు. జనరలే ఆఖరి మెట్టు. 1990 అక్టోబరులో తూర్పు సైన్యం రద్దవడంతో ఆ పేరు జర్మనీలో పూర్తిగా చరిత్రలో కలిసింది.

దానికి బదులుగా వాళ్లు ఒక చట్టం రాసుకున్నారు. 1956 నాటి సైనికుల చట్టంలో రెండు సంగతులు స్పష్టంగా ఉన్నాయి. మనిషి గౌరవాన్ని మంటగలిపే ఆజ్ఞ అయితే సైనికుడు పాటించకపోయినా తప్పు కాదు. నేరం చెయ్యమనే ఆజ్ఞ అయితే అసలు పాటించకూడదు. ప్రమాణం కూడా ఇప్పుడు మనిషి పేరుమీద కాదు, దేశానికీ ప్రజల స్వేచ్ఛకీ. ఆ బెండ్లర్ వీధి భవనంలోనే ఈరోజు రక్షణశాఖ బెర్లిన్ కార్యాలయం ఉంది. నలుగుర్నీ కాల్చిన ముంగిలి స్మారకస్థలం. జులై 20న కొత్త సైనికులు చాలాసార్లు ప్రమాణం చేసింది అక్కడే.

మనలో ఎంతమందిమి సైన్యాధిపతులం? ఎవరం కాదు. కానీ 'పైనుంచి ఆర్డరొచ్చింది సార్, మేమేం చేస్తాం' అనే మాట కౌంటరుకి ఇవతల నిలబడి విన్నాం. ఒక్కోసారి అవతల కూర్చుని అన్నాం కూడా. చాలాసార్లు అందులో తప్పేమీ ఉండదు, పని జరగాలంటే ఎవరో ఒకరి మాట వినాల్సిందే. ఎక్కడ వినకూడదో తెలియాలంతే. ఆ హద్దు భుజంమీది నక్షత్రాల్లో కనిపించదు. బెక్‌కీ ఫ్రోమ్‌కీ ఉన్నవి మూడేసే.